గంగక్క గుర్రం

సోమందేపల్లి దాటినాక మల్లి మళ్ళీ కాలెత్తి వ్యాను పలకను తన్నింది.

వెనక గుర్రం పక్కనే నిలబడి వస్తున్న గంగక్క దాని మెడ మీద చెయ్యి వేసింది. చెయ్యి తడిసింది. పొద్దుటి గాలి చల్లగా కొడుతోంది, అయినా గుర్రానికి చెమట. మల్లి తల తిప్పి, ఎవరో పిలిచినట్టు తన డొక్కవైపు చూసుకుంది. పై పెదవి పైకి మడిచి పళ్ళు బయటపెట్టింది. కాళ్ళ కింద జారకుండా పరిచిన ఇసుక హిందూపురంలో ఎట్లా పోశారో అట్లాగే ఉంది. బయలుదేరినప్పటి నుంచి ఒక్క లద్ది కూడా పడలేదని గంగక్కకు అప్పుడు తట్టింది. నిన్న సాయంత్రం పాకలో ఊడ్చినప్పుడు ఏమైనా ఉందా? ఉండీ లేనట్టు, రెండే రెండు ఎండు ఉండలు.

ఆమె క్యాబిన్ రేకు మీద దబదబా కొట్టింది. డ్రైవరు పౌలు బండి పక్కకు తీశాడు.

ముందు సీట్లోంచి ఆంజనేయులు దిగాడు. గంగక్క మరిది. ఒళ్ళో పెట్టుకున్న తలపాగా సంచి కిందికి జారకుండా చంకలో ఇరికించుకున్నాడు. ఈ సాయంత్రం ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి ఉమాశంకర్ కొడుకు పెండ్లి మెరవణి. మల్లి మీద పెండ్లికొడుకు, ముందు పగ్గం పట్టుకొని జరీ తలపాగాతో ఆంజనేయులు. గంగక్క మాత్రం జనం వెనక, నీళ్ళ బకెట్టుతో. గుర్రం గంగక్క మొగుడిది. ఆయన పోయినాక మొదటి పెండ్లిలో ఆమే పగ్గం పట్టుకుంటే, ఒక పెద్దాయన వచ్చి, "మొగుడు పోయిన ఆడది పెండ్లికొడుకు ముందర నడిచేది ఎట్లమ్మా?" అని అడిగాడు. కోపంగా కాదు, మామూలుగానే అడిగాడు. ఆ పొద్దు నుంచి పగ్గం మరిది చేతికి పోయింది. ఇప్పుడు ఊళ్ళో అందరూ అనేది ఆంజనేయులు గుర్రమనే.

"ఏమైందొదినా?"

"కడుపునొప్పి మాదిరి ఉండాది. పెనుకొండలో ఆస్పత్రి కాడ నిలపమను."

"ఈ టైములోనా?" అన్నాడు గానీ, మల్లి ముక్కుపుటాలు ఎగిరిపడేది చూసి గబగబా ఎక్కి కూర్చున్నాడు.

పెనుకొండ పశువుల ఆస్పత్రిలో డాక్టరు లేడు. రొద్దం పక్క పల్లెలో గొర్రెలకు టీకాల క్యాంపు ఉంటే అక్కడికి పోయాడట. స్వప్న అనే సహాయకురాలు ఒక్కతే ఉంది. పాతికేళ్ళ పిల్ల. బయటికి వచ్చి, వ్యాను దిగిన తెల్ల గుర్రాన్ని చూసి గడప దగ్గరే ఆగిపోయింది.

"నేను ఆవులూ, గొర్రెలే చూస్తానక్కా. గుర్రాన్ని ఇంతవరకు ముట్టుకోల్యా," అంది.

"నేను పట్టుకుంటా. నువ్వు చూడు," అంది గంగక్క.

స్వప్న ఫోన్లో డాక్టర్ లక్ష్మీకాంత్‌ను పట్టుకుంది. స్పీకరు పెట్టి, ఆయన చెప్పినట్టల్లా చేసింది. చిగుళ్ళు నొక్కి రంగు చెప్పింది. డొక్కకు స్టెతస్కోపు ఆనించి, కళ్ళు మూసుకొని చాలాసేపు వింది. అవతలి పక్కకు పోయి మళ్ళీ వింది.

"ఏం వినపడేల్యా సార్. రెండుపక్కలా నిశ్శబ్దంగా ఉండాది."

ఫోన్లో గొర్రెల అరుపుల మధ్య డాక్టరు గొంతు వచ్చింది. "ఏం మేత వేసినారు?"

"శెనక్కాయ కట్టె సార్," గంగక్క ఫోను దగ్గరికి వంగి చెప్పింది. "కొత్త మోపు తెచ్చినాం. దులిపే వేసినా. అయినా మన్ను శానా ఉన్నింది."

"మన్నే పేగులో అడ్డం పడి ఉండచ్చు. స్వప్నా, నొప్పికి సూది వెయ్యి, ఎంతో చెప్తా. అమ్మా, ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. సూదికి నొప్పి తగ్గుతుంది, రోగం తగ్గదు. లద్ది పడేదాకా మేత పెట్టద్దు. బండి ఎక్కించద్దు. మెల్లగా నడిపించండి. పొర్లనీయద్దు. గుర్రాల డాక్టర్లంతా బెంగుళూరులోనే ఉంటారు. నాకు తెలిసినాయన్ను అడిగి చెప్తా."

మెడనరంలో సూది దిగేటప్పుడు మల్లి కదలలేదు. గంగక్క దాని కళ్ళకు అరచెయ్యి అడ్డం పెట్టి నిలబడింది.

కాసేపటికి మల్లి చెవులు నిక్కాయి. కాలు తన్నడం మానేసింది. ఆస్పత్రి గోడవారన మొలిచిన గరిక వైపు మూతి చాపింది.

"చూడొదినా, చూడు!" ఆంజనేయులు ముఖంలోకి రంగు వచ్చింది. "బాగైపోయింది. మేతకు పోతాంది."

అప్పుడే అతని ఫోను మోగింది. ఉమాశంకర్. స్పీకరు పెట్టకపోయినా ఆ గొంతు అందరికీ వినిపిస్తోంది. "ఏమప్పా, యాడుండారు? పెండ్లికొడుకు గుర్రం ఎక్కేది ఊరంతా చూడల్లని పత్రికలో కూడా వేయించినాం. ఒక్క గంట నిలబడితే చాలు. ఏం కథలు చెప్పద్దు."

"వస్తాండాం సార్, దావలో ఉండాం," అన్నాడు ఆంజనేయులు. ఫోను జేబులో పెట్టుకొని వదినవైపు చూశాడు. "మాట ఇచ్చినాం. ఒక్కసారి మాట తప్పితే మళ్ళా ధర్మవరంలో మనల్ని ఎవురన్నా పిలుస్తారా? ఒక్క గంటొదినా. ఆడ నిలబెట్టి, మెల్లగా తోలుకొచ్చుకుందాం."

స్వప్న గంగక్కతోనే అంది, "అక్కా, సార్ బండి ఎక్కించద్దన్నారు గదా."

గంగక్క ఆ పిల్ల ముఖం చూసింది. మరిది ముఖం చూసింది. మల్లి గరిక కోసం మెడ చాపుతూనే ఉంది. ఆమె వంగి బకెట్టు ఎత్తి వ్యానులో పెట్టింది. అదే ఆమె జవాబని ఆంజనేయులుకు తెలుసు. స్వప్నకు కూడా అర్థమైంది. ఒక చీటీ మీద తన నంబరు రాసి గంగక్క చేతిలో పెట్టి లోపలికి పోయింది.

చెన్నేకొత్తపల్లి ఇంకా రాకముందే సూది బలం తగ్గిపోయింది. ముందు వణుకు మొదలైంది. తరువాత మల్లి మోకాళ్ళు మడిచి, ఆ ఇరుకులోనే పడుకోబోయింది. కట్టిన అడ్డబొంగు ఫెళ్ళున విరిగింది. గంగక్క అరిచిన అరుపు హైవే మీద లారీల మోత దాటి పౌలుకు వినిపించింది.

రోడ్డు పక్కన రేకుల కొట్టంలో యల్లక్క టీ అంగడి ఉంది. వెనక కోతకోసిన చేను, పక్కన రోడ్డు పనివాళ్ళు వదిలేసిన మట్టిదిబ్బ. పౌలు వ్యాను వెనక్కి తీసుకుపోయి దిబ్బకు ఆనించాడు. ముగ్గురూ కలిసి మల్లిని లేపి, దిబ్బ మీదికి, అక్కడి నుంచి చేనులోకి దించారు. దిగీ దిగగానే అది ముందుకాళ్ళతో నేలను గీరి, పొర్లేకి చోటు చూసుకుంది. గంగక్కా ఆంజనేయులూ కలిసి పగ్గం పట్టి లాగారు. టీ తాగుతున్న ఇద్దరు లారీవాళ్ళు గ్లాసులు పట్టుకునే లేచి నిలబడ్డారు.

ఆంజనేయులు ఫోను తీశాడు. "ఆ పిల్లను ఇంగో సూది చెప్పమందాం. ఈ ఊర్లో మందులంగట్లో దొరుకుతాదేమో. ఆ సూదితో ఆడికి చేరుకుంటే..."

"పగ్గం ఇట్లియ్యి."

"అది కాదొదినా..."

"ఇట్లియ్యప్పా."

పగ్గం కొస అతని చేతిలోనే ఉంది. ఆమె లాక్కోలేదు, చెయ్యి చాపి నిలబడింది అంతే. అతను ఆ చేతి వైపు చూశాడు. ఇచ్చాడు.

"నువ్వు వ్యాను తీస్కోని ధర్మవరం పో," అంది గంగక్క. "రాలేదని చెప్పు. జబ్బు చేసిందని చెప్పు. తిడితే తిట్టించుకో. నేను గుర్రాన్ని ఈడే ఉంచుకుంటా."

ఆంజనేయులు మొహం కోపంతో ఎర్రబడింది. "తిట్టించుకునేకి నేను, గుర్రం పెట్టుకునేకి నువ్వా?" అన్నాడు. ఆ మాటకు తానే కొంచెం బెదిరినట్టు వెనక్కి తిరిగి వ్యాను ఎక్కాడు. తలుపు గట్టిగా వేశాడు.

ఎండ నడినెత్తి నుంచి దిగేదాకా గంగక్క మల్లిని చేను గట్టు వెంబడి నడిపించింది. కొంతదూరం నడిపించడం, నిలపడం, డొక్కకు చెవి ఆనించడం. ఒక్కోసారి తన గుండె చప్పుడే వినిపించి, పేగు కదిలిందేమోనని ఆశపడింది. మల్లి పడుకుంటానంటే నిలబెట్టింది, నిలబడితే మెడ నిమిరింది. చెప్పులు కోసిన చేను మొదళ్ళకు తెగిపోతే విప్పి గట్టున పారేసింది.

యల్లక్క బతుకు చూసిన మనిషి. కాసేపు చూసి, కొట్టంలోకి పోయి వెదురుగొట్టం, నువ్వులనూనె సీసా తెచ్చింది. "మా ఎద్దులకు ఇట్లనే పోసేది. తల ఎత్తి పట్టుకో, నేను పోస్తా. ఒక్క గొట్టం పడితే జారిపోతాది."

గంగక్కకు ఆ నూనె వాసన తగలగానే ప్రాణం లేచొచ్చింది. ఏదో ఒకటి చెయ్యాలి కదా. అయినా చీటీ తీసి స్వప్నకు ఫోను చేసింది. అవతల స్వప్న గాభరాగా అరిచింది. "వద్దక్కా! నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాదంట. ఎద్దు మాదిరి కాదు. గుర్రానికి కక్కుకునేకి కూడా రాదు. సార్‌ను అడిగినా. పొద్దున్నే ఆయనే వస్తానన్నారు. ఈ పొద్దు క్యాంపు వదిలి వచ్చేకి కాదంట."

"పొద్దున్నేనా?"

"బెంగుళూరాయన రానన్నాడంట. గుర్రాన్నే తీసుకురమ్మన్నాడంట. ఇట్లున్న దాన్ని బండిలో అంత దూరం తీస్కపోతే దావలోనే ఏమైనా అవుతాదని సార్ అన్నారు."

గంగక్క ఫోను పెట్టేసి నూనె సీసా వైపు చూసింది. యల్లక్కకు ఎట్లా చెప్పాలో తెలియలేదు. "వద్దంట యల్లక్కా. మీ మంచితనం ఉండనీ."

యల్లక్క ఏమీ అనుకోలేదు. సీసాకు మూత పెట్టి, "అయితే నువ్వన్నా తిను," అని ఇంత రాగిసంగటి, శెనక్కాయ చట్నీ తెచ్చి పెట్టింది. గంగక్క ఒక చేత్తో పగ్గం పట్టుకొని, నిలబడే తినింది.

ఆ రాత్రి ఎట్లా గడిచిందో ఆమెకు తరువాత సరిగా గుర్తులేదు. యల్లక్కా తానూ వంతులేసుకొని నడిపించారు, అంతే.

తెల్లవారి డాక్టర్ లక్ష్మీకాంత్ మోటారుసైకిలు మీద వచ్చాడు. నడివయసు మనిషి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వెనక సీటుకు చుట్టచుట్టిన పొడవాటి గొట్టం కట్టుకొచ్చాడు. మల్లిని చుట్టూ తిరిగి చూశాడు. డొక్కలు విన్నాడు. చెయ్యి కడుక్కొని, తొడుగు వేసుకొని లోపల చెయ్యి పెట్టి చూశాడు. గంగక్క ఆయన ముఖమే చూస్తోంది. ఆ ముఖంలో ఏమీ తెలియలేదు.

"గడ్డ తగులుతోంది. పూర్తిగా మూసుకుపోలేదు," అన్నాడు. "ముక్కులోంచి గొట్టం కడుపులోకి దించి నూనె, గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పొయ్యాలి. నేను కాలేజీలో చేసినాను, అంతే. ఆ తర్వాత గుర్రమే నా దగ్గరికి రాలేదు. గొట్టం తప్పుదారిలో ఊపిరిగొట్టంలోకి పోయి, నేను కనుక్కోలేకపోతే గుర్రం ఇక్కడే పోతుంది. చెయ్యకపోయినా సాయంత్రానికి ఏమవుతుందో చెప్పలేను. ఇంటివాళ్ళు సరేనంటేనే చేస్తా. గుర్రం ఎవరిది?"

గంగక్క వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. రోడ్డు మీద ఒక ఆర్టీసీ బస్సు ఆగి ఉంది, అంతే.

"నాది సార్," అంది. మళ్ళీ చెప్పింది. "నాదే. చెయ్యండి."

యల్లక్క పొయ్యి మీద నీళ్ళు కాగాయి. గంగక్క మల్లి తల తన భుజానికి ఆనించుకొని, కింది పెదవి పట్టుకొని నిలబడింది. గొట్టం కొసకు నూనె రాసి డాక్టరు ముక్కులోకి మెల్లగా దించాడు. మల్లి తల విదిలించి దగ్గింది. ఆయన వెంటనే బయటికి లాగేశాడు. ముక్కులోంచి రక్తం చుక్కలు చుక్కలుగా కారి గంగక్క రవికె మీద పడింది.

"దగ్గింది మంచిదే. తప్పు దారి అని అదే చెప్పింది," అన్నాడు. చొక్కా చేతితో నుదురు తుడుచుకొని మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి గొట్టం గొంతు దాకా పోగానే ఆపాడు. ఎదురుచూశాడు. మల్లి మింగింది. మింగిన ఆ క్షణంలో తోశాడు. "మెడ ఎడమపక్క చూడమ్మా. ఏమన్నా కదిలిందా?"

తెల్లటి చర్మం కింద ఒక ఉబ్బు, చీమ నడిచినట్టు నిదానంగా కిందికి జారింది.

"కదిలింది సార్. పోతాంది. ఇదిగో, ఈడికి పోయింది."

డాక్టరు గొట్టం కొసకు ముక్కు పెట్టి వాసన చూశాడు. పులిసిన మేత వాసన. ఆయన భుజాలు అప్పుడు దిగాయి. "కడుపే. ఎవరన్నా బకెట్టు ఎత్తి పట్టుకోండి. ఎత్తులోంచి పొయ్యాలి."

యల్లక్క చేతులు అంత ఎత్తు అందలేదు. వెనక నుంచి ఎవరో బకెట్టు అందుకున్నారు. ఆంజనేయులు. బస్సు దిగి ఎంతసేపైందో, అక్కడే నిలబడి ఉన్నాడు. కళ్ళకింద నల్లబడింది. బకెట్టు తల మీదికెత్తి, నీళ్ళూ నూనే అయిపోయేదాకా చేతులు దించకుండా పట్టుకున్నాడు. బకెట్టు అంచుకు తొణికిన నూనె అతని మోచేతుల మీదుగా చంకల్లోకి కారింది.

డాక్టరు పోతూ పోతూ చెప్పాడు. "చెయ్యగలిగింది చేసినాం. ఇక అదే తేలాల. ఏదైనా ఫోను చెయ్యండి, ఏ టైమైనా."

పగలంతా వదినా మరిదీ చేనుగట్టు మీదే. ఒకరు నడిపిస్తుంటే ఒకరు నీడలో కూర్చోవడం. యల్లక్క టీ తెచ్చి ఇచ్చినప్పుడు ఆంజనేయులు గ్లాసు వైపు చూస్తూ అన్నాడు. "ఆడ ఎవురూ అడగల్యా వదినా."

"ఏంది?"

"గుర్రం. నేను పోయి చెప్తే ఉమాశంకర్ ఒక్కడు అరిచినాడు. ఎక్కువ బేరం వస్తే ఇంకోచోటికి తోలినారన్నాడు. అంతలోనే ఎవురో ఓపెన్ జీపు తెచ్చినారు. పూలు కట్టినారు, డీజే పెట్టినారు. ఇంత జనం. ఒక్కడు కూడా గుర్రం యాదప్పా అనల్యా. పెండ్లికొడుకు కూడా జీపే బాగుండాదన్యాడు." అతను టీ తాగలేదు. "నేను దేనికోసం దాన్ని సంపబోతినో నాకే తెలీల్యా."

గంగక్క గ్లాసు గట్టు మీద పెట్టి, పగ్గం చేతికి చుట్టుకొని లేచింది. ఏదైనా అంటే తన నోటి నుంచి పెనుకొండ మాటే వస్తుంది. ఆ బకెట్టు వ్యానులో పెట్టింది తనే.

పొద్దు వాలుతుండగా మల్లి ఉన్నట్టుండి ఆగి తోక పక్కకు పెట్టింది. నీడలో కూర్చున్న ఆంజనేయులు లేచి వచ్చాడు. నూనెతో మెరుస్తూ, రాళ్ళ మాదిరి గట్టి ఉండలు పడ్డాయి, తరువాత మెత్తగా, తరువాత ఇంకా. ఆంజనేయులు వట్టి చేతుల్తో ఒక ఉండ తీసి విరిచాడు. లోపల ఇసుక గరగరలాడింది. దాన్ని బంగారం చూపించినట్టు వదినకు చూపించాడు. గంగక్క అక్కడే గట్టు మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రోడ్డు మీద టీ తాగేవాళ్ళు లద్ది చూసి ఏడ్చే ఆడమనిషిని వింతగా చూశారు. ఆంజనేయులు డాక్టరుకు ఫోను చేసి, "పడింది సార్..." అని ఫోను యల్లక్క చేతికిచ్చాడు.

మరుసటి రోజు, మధ్యాహ్నానికి వ్యాను తెస్తానని పౌలు ఫోనులో చెప్పాడు. ఇప్పుడు ఎక్కించవచ్చని డాక్టరు చెప్పాడు, మెల్లగా తోలితే. మల్లి తడిపిన తవుడు కొంచెం తిని, చేనులో నిలబడి తోకతో ఈగల్ని తోలుకుంటోంది. పొట్ట వీపుకంటుకుపోయింది, ముక్కు కింద రక్తం చారిక ఎండి ఉంది. ఊరేగింపు గుర్రం మాదిరి ఎక్కడా లేదు.

ధర్మవరం వైపు నుంచి మూడు కార్లు వచ్చి అంగడి ముందు ఆగాయి. ముందు కారు అద్దానికి ఇంకా మల్లెదండ వేలాడుతోంది. ఉమాశంకర్ దిగాడు. పెండ్లికూతురు ఊరు హిందూపురం. తిరుగు పెండ్లికి కొత్తజంటను తోలుకొని పోతున్నారు. దారిలోనే కదా, నిజమా అబద్ధమా చూసి పోదామని ఆగినట్టున్నాడు.

చేను గట్టు దాకా వచ్చి మల్లిని పైనుంచి కిందికి చూశాడు. ఆ డొక్కలు, ఆ చారిక. "అయితే నిజమే అన్నమాట," అన్నాడు. కొంచెం తగ్గిన గొంతుతో, "బతుకుతుందా?"

"బతికింది సార్," అంది గంగక్క.

ఆయన ఆంజనేయులు వైపు తిరిగాడు. "సరేప్పా, బతికుండాదని తెలిసింది, సంతోషం." అప్పటికే వెనక కారులోంచి పెండ్లికొడుకు, పెండ్లికూతురు దిగి వచ్చారు. కాళ్ళకు పారాణి, మెడలో పసుపుతాడు. గంగక్కకు తెలియకుండానే కాళ్ళు వెనక్కి నడిచాయి. మల్లి చాటుకు పోయి నిలబడింది.

"మన గుర్రం ఇదేనా నాయనా?" పెండ్లికొడుకు ఫోను తీశాడు. "ఎక్కకపోతే పోయె, ఒక ఫోటో అన్నా తీసుకుందాం."

"తీసుకోండి బిర్న, రాహుకాలం వస్తాది," అన్నాడు ఉమాశంకర్. కారులోంచి ఎవరో పెద్దావిడ తల బయటపెట్టి ఏదో అంది. ఆయన అది విని, గంగక్కవైపు చూడకుండా, మర్యాదగానే చెప్పాడు. "ఆంజనేయులూ, నువ్వు పట్టుకోప్పా పగ్గం. ఆయమ్మను కొంచెం అట్లా పక్కకు ఉండమను. కొత్త పెండ్లివాళ్ళు గదా."

గంగక్క పగ్గం ముందుకు చాపింది. ఏళ్ళ తరబడి చేసిన పనే, చెయ్యి దానంతటదే పోయింది.

ఆంజనేయులు చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"పట్టుకోప్పా," అన్నాడు ఉమాశంకర్.

"నేను పట్టుకోను సార్." అతని గొంతు గట్టిగా లేదు. నేలవైపు చూస్తూ అన్నాడు. "గుర్రం మా వదినది. ఆయమ్మ పట్టుకుంటేనే ఫోటో. లేకుంటే వద్దు."

రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. ఉమాశంకర్ ఆంజనేయులును కొత్తగా చూసినట్టు చూసి, "అయితే వద్దులే. పదండి," అని కారు వైపు నడిచాడు. పెండ్లికొడుకు ఫోను జేబులో పెట్టుకొని తండ్రి వెంట పోయాడు.

పెండ్లికూతురు మాత్రం వెంటనే కదల్లేదు. మల్లి నుదుటి మీది వెంట్రుకల వైపే చూస్తూ, "కరుస్తాదా అక్కా?" అంది.

"కరవదమ్మా. అరచెయ్యి చాపు. వేళ్ళు మడవద్దు."

ఆ పిల్ల గోరింటాకు చెయ్యి చాపింది. మల్లి ఆ చెయ్యి వాసన చూసి, తడి మూతితో ఒకసారి తాకి, తినేది లేదని తల తిప్పుకుంది. పిల్ల నవ్వింది. కారు హారను మోగింది. చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకొని పరిగెత్తింది.

కార్లు పెనుకొండ వైపు సాగిపోయాయి. దుమ్ము అణిగేదాకా గంగక్క చూస్తూ నిలబడింది.

"నువ్విట్లా మాట్లాడితే పెండ్లిండ్లు పోతాయబ్బా," అంది.

ఆంజనేయులు చేతులు ఇంకా వెనకే ఉన్నాయి. "పోతాయి," అని ఒప్పుకున్నాడు. మల్లి వైపు చూసి, "కొన్ని పోతాయి," అన్నాడు.

వ్యాను వచ్చేకి ఇంకా పొద్దుంది. ఊరికే నిలబెట్టకుండా నడిపిస్తూ ఉండమన్నాడు డాక్టరు. గంగక్క నాలుకతో టక్కుమని చప్పుడు చేసింది. మల్లి అడుగు తీసింది. చేను దాటి రోడ్డు పక్క మట్టిబాట మీదికి ఎక్కి, వచ్చేపోయే బండ్ల ముందరే, ఆమె పగ్గం పట్టుకొని ముందు నడిచింది.